విమానం పొట్ట కింది జరీ

పోయినవారం మనం సామేలు సారును పెనుకొండ రైల్వేస్టేషన్లో నిలబెట్టి ఎవరి పనుల్లో వాళ్లం పడిపోయాం. పాపం, ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు. ధర్మవరం నుంచి ప్యాసింజరు వచ్చింది. యమున దిగింది. ఆయన్ను చూసి నవ్వింది. తిరిగి నవ్వడానికి ఆయనకు ముఖం చెల్లలేదు. ఎందుకు చెల్లలేదో మీకు తెలుసు, ఆమెకు తెలియదు.

మొన్నమొన్ననే ఈ కథలోకి వచ్చినవాళ్లు ఉంటారు కాబట్టి రెండు ముక్కలు చెప్పేస్తాను. సామేలు సారంటే హిందూపురం ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు చెప్పే శామ్యూల్. యాభైకి దగ్గర పడ్డ మనిషి. భార్య పోయి చాలాకాలమైంది. యమున ధర్మవరంలో పట్టుచీరలు నేస్తుంది. ఆమె భర్త గంగాధర పెళ్లైన మూడో ఏడే విషజ్వరంతో పోయాడు. అప్పటి నుంచీ అన్న హనుమంతరాయుడి ఇంట్లో, అన్న మగ్గం పక్కనే ఇంకో మగ్గం మీద ఆమె బతుకు నడుస్తోంది. మగ్గాల మీద అంచు డిజైన్లు వేసే జకార్డు మిషన్లు బాగుచేయడం నేర్పమని గవర్నమెంటు వాళ్లు సామేలును ధర్మవరం పంపినప్పుడు ఇద్దరికీ పరిచయమైంది. ఆయన చర్చికి పోతాడు, ఆమె చౌడేశ్వరమ్మ గుడికి పోతుంది, ఇద్దరూ కలిసి పెనుకొండకు వస్తారు. హిందూపురానికీ ధర్మవరానికీ మధ్య రైలు ఆగే ఊళ్లలో కూర్చోవడానికి మంచి సిమెంటు బల్ల ఉన్నది అక్కడే మరి.

ఇక ఆ విమానం సంగతి. యలహంకలో విమానాల పండుగ చూసొచ్చినప్పటి నుంచీ సారుకు కిరణ్ అనే జెట్టు మీద మనసు పడింది. రెండు సీట్లుండే చాలా జెట్లలో అవి ముందొకటి వెనకొకటి ఉంటే, దాంట్లో పక్కపక్కనే ఉంటాయి. బెంగుళూరులో ఒకాయన దగ్గర ఆ కిరణ్‌కు నకలు కిట్టు దొరికింది. మూడు మూరల రెక్కలు, రేడియోతో నడుస్తుంది. నూనె ఇంజను కోసం చేసిన కిట్టు అది. సారు ఆ ఇంజను జాగా పీకేసి బ్యాటరీతో తిరిగే ఫ్యాను పెట్టాడు. బరువు తగ్గడానికి లోపలి ప్లైవుడ్డు చట్రాలన్నిటికీ జల్లెడ మాదిరి బెజ్జాలు వేశాడు. పైలట్లు కూర్చునే చోటికి గాజుమూత పగిలి వస్తే, నీళ్ల క్యాను ప్లాస్టిక్కు వేడిచేసి చెక్క అచ్చు మీద లాగి కొత్తది చేశాడు. అన్నీ కుదిరాయి. పైన అతికించే ప్లాస్టిక్ పొర మాత్రం సారు పని చేసుకునే రేకులషెడ్డు వేడికి కరిగి ముద్దైపోయింది.

పూర్వం ఇలాంటి బొమ్మవిమానాలకు పట్టుగుడ్డ కప్పి లక్కరు అనే వార్నిషు పూసేవాళ్లట. అది చదివి సారు పెనుకొండ స్టేషన్ బల్ల మీద యమునను ఒకేసారి రెండు అడిగాడు. ఒకటి, అంచు లేని తెల్లటి పలచని పట్టుగుడ్డ. రెండోది, మా ఇంటికి వచ్చేస్తావా అని. గుడ్డ నేసిస్తానంది యమున. రెండోదానికి మాత్రం, నీ విమానం పైకి లేచిన దినం చెప్తానంది.

గుడ్డ నేసిచ్చింది. అయితే దాని మధ్యన నిలువునా రెండు వేళ్ల వెడల్పు జరీ గీత పెట్టింది. మగ్గం మీంచి దించిన గుడ్డను ఒక్క పోగు అంచైనా లేకుండా, ఒట్టి తెలుపుగా, బతికున్న మనిషి చేతికి ఇవ్వరట వాళ్ల ఇంట్లో. అట్లాంటి గుడ్డ పోయినవాళ్ల మీద కప్పేది. ఈ గీత విమానం పొట్ట కిందికే రావాలి, పైకి రాకూడదు అని కూడా చెప్పి పంపింది. సారు చెప్పినట్టే అతికించాడు. తీరా రేడియో పరీక్ష చేస్తే, నాలుగడుగులు దూరం పోగానే విమానం మాట వినడం మానేసింది. జరీలో వెండి ఉంటుంది, అది రేడియోకు అడ్డం. లోపల రేడియో అందుకునే తీగ సరిగ్గా ఆ గీత పైనే పోతోంది. అప్పుడు ఆయన ఏం చేశాడో పోయినవారం చూసి మీలో కొందరు పళ్లు కొరికే ఉంటారు. బ్లేడు తీసుకొని ఆ జరీ గీతను పొడుగునా కోసేశాడు. మిగిలిన తెల్లముక్క అతుకు వేశాడు. యమునకు చెప్పలేదు. చేతికిచ్చేటప్పుడు జరీ ఉంది కదా, శాస్త్రం తీరిపోయింది కదా అని తనకు తానే సర్ది చెప్పుకున్నాడు. మగవాళ్లకు ఇలాంటి సర్దుబాట్లు భలే తొందరగా కుదురుతాయి.

ఇక ఈ రోజు, విమానం మొదటిసారి ఎగరాల్సిన రోజు, ఇద్దరూ స్టేషన్ బయట ఆటో ఎక్కారు. యమున ఆ రోజు మంచి హుషారుగా ఉంది. పెనుకొండ బాబయ్య దర్గాకు పోయొస్తానని ఇంట్లో చెప్పి వచ్చిందట. విమానం ఎగిరాక దర్గాకు నిజంగానే పోదాం, అన్నతో అబద్ధమాడిన పాపం ఉండకూడదంది. దారిలో ఒక్కసారి మాత్రం ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, ట్రంకుపెట్టెకు బీగం వేశానో లేదో అనుకుంది. ఆ పెట్టెలో ఏముందని సామేలు అడగలేదు. అడిగే స్థితిలో లేడు. దారి పొడుగునా ఒకటే ఆలోచన, జరీ సంగతి ముందే చెప్పేయాలా, ఎగిరాక చెప్పాలా అని. ఎగిరిపోతే ఆమె సంతోషంలో పొట్ట కింద ఏముందో ఎవరు చూస్తారులే అని చివరికి తేల్చుకున్నాడు.

సారు స్నేహితుడు మారెప్ప పంక్చరు అంగడి హైవే పక్కన ఉంది. అక్కడ రోడ్డును నాలుగు వరసలు చేస్తున్నారు. అంగడి వెనక కొత్తగా తారు పోసి ఇంకా బళ్లు వదలని ముక్క ఒకటి నున్నగా, పొడుగ్గా పడి ఉంది. విమానానికి రన్‌వే అదే. విమానాన్ని దాచిపెట్టుకున్నదీ, మోసిందీ, సగం ఊరికి దాని గురించి చాటింపు వేసిందీ మారెప్పే. ఆదివారం పొద్దున అంగడికి రావాల్సిన సైకిళ్లు కూడా రావద్దని చెప్పి, రెండు లారీ టైర్ల మీద విమానాన్ని పెట్టి, తుడిచి, వాళ్ల కోసం కాచుకొని ఉన్నాడు.

"రాక్కా, రా. విమానం తయారు. ఎక్కేది బాగనే ఎక్కుతాది అంటాండాడు సామేలన్న. దిగేదే ఎట్లనో," అన్నాడు మారెప్ప.

ఆ మాటలో ఎగతాళి ఉన్నా నిజమూ ఉంది. థర్మోకోల్‌తో చేసిన నెమ్మది విమానాలను సామేలు ఎన్నోసార్లు ఎగరేశాడు, దించాడు. ఈ జెట్టును మాత్రం ఇంతవరకు నేల వదలనివ్వలేదు. ఇది వేగంగా దిగుతుంది. కాస్త తేడా వస్తే ఇన్ని నెలల పని తారు మీద పుల్లలైపోతుంది. బ్యాటరీ కూడా నాలుగైదు నిమిషాలకు మించి రాదు.

యమున ముక్కు చూడలేదు, రెక్కలు చూడలేదు, ఎంత కష్టపడి చేశాడో ఆ గాజుమూతా చూడలేదు. చెప్పులు విప్పి, టైర్ల పక్కన గొంతు కూర్చొని, దీన్ని కాస్త తిప్పి చూపించండి సారూ అంది.

పైకి లేచాక చూద్దువులే అన్నాడు సామేలు. ఎండ ముదురుతోంది, గాలి మొదలవుతుంది, అని ఇంకేవో చెప్పాడు. మారెప్పకు ఈ వ్యవహారం తెలియదు కదా, అదెంత పని అక్కా అంటూ విమానాన్ని రెండు చేతులా ఎత్తి వెల్లకిలా తిప్పి పెట్టాడు.

పొట్ట కింద ముక్కు నుంచి తోక దాకా ఒక అతుకు. లక్కరు పూసి నున్నగా రుద్దినా, నేతమనిషి కంటికి అతుకు దాగుతుందా? యమున వేలు ఆ అతుకు వెంబడి నిదానంగా పోయింది. తోక దగ్గర ఆగింది. ఆమె ముఖంలో నవ్వు అంతా పోయింది.

"ఇదేంది సారూ?"

సామేలు చెప్పాడు. రేడియో అందకపోవడం, జరీలో వెండి, లోపలి తీగ, బ్లేడు, అంతా పాఠం చెప్పినట్టు వరసగా చెప్పాడు. చెప్తున్న కొద్దీ గొంతు చిన్నదైపోయింది. ఆమె చివరిదాకా విని, ఒక్కటే అడిగింది.

"ఆ తీగను బయటికి తీసుంటే?"

"తీయొచ్చు. కానీ అసలు కిరణ్‌కు అట్ల తీగ బయట యాలాడదు యమునా. చూసేకి బాగుండదు."

"అసలు కిరణ్‌కు పట్టుగుడ్డ ఉంటాదా?"

మారెప్ప గాలి పంపు దగ్గరికి పోయి, ఎవరో సైకిలు తెచ్చినట్టు ఉత్తిగాలి కొట్టడం మొదలుపెట్టాడు.

 బెజ్జాలు వేసిన చట్రాలూ, నీళ్ల క్యాను గాజుమూతా, బ్యాటరీ ఫ్యానూ, కిట్టులో ఉన్నవాటిలో సామేలు మార్చనిది ఏదీ లేదు. తన తీగ ఒక్కటి మార్చడానికి మనసు రాలేదు, ఆమె గీత మీదికి మాత్రం బ్లేడు పోయింది. ఇంత సులువైన లెక్క ఆమె అడిగేదాకా తనకు తట్టలేదని ఆయనకు అప్పుడు నిజంగా సిగ్గేసింది.

"శాస్త్రానికే గదా పెట్టినావు అనుకొంటి," అన్నాడు.

"శాస్త్రానికైతే ఒక పోగు చాలు. రెండు వేళ్ల వెడల్పు ఏంటికి పెడతారు?" అంది యమున. ఇంతకాలం సారూ, మీరూ అని మాట్లాడిన మనిషి, ఆ తర్వాత మాటల్లో నువ్వు అనేసింది. అన్న సంగతి ఆమెకూ తెలియలేదు. "ఆ దినం బల్ల మీద నువ్వు నన్నొక మాట అడిగితివి. విమానం పైకి లేసిన దినం చెప్తా అంటి. ఎందుకట్ల అంటినో తెలుసునా నీకు?"

"ఇది యాడ లేస్తాదిలే అని తప్పించుకొన్నావనుకొంటి."

"పొట్ట కిందుండే గీత, కింద నిలబడిన మనిషికి ఎప్పుడు కనపడాల? అది పైకి పోతేనే గదా."

సామేలు చేతిలో ఉన్న స్క్రూడ్రైవరు నేల మీద పెట్టి, తనూ కింద కూర్చున్నాడు.

"నాకు నోటితో చెప్పేకి రాదు," అంది యమున. "నలభై దాటినాక ఎట్ల చెప్తారు ఇట్లాంటివి, ఎవురన్నా చెప్తారా. అందుకే నేసిస్తి. అది కొత్త జరీ కాదు. నా పెండ్లిచీర అంచులోది. మా అన్న నేసిన చీర. మా ఇంటాయన పోయినాక కట్టలా, ఎవురికీ ఇయ్యలా, పెట్టెలోనే పెట్టుకొనుంటి. ఒక్కొక్క పోగే లాగి, తెగిన చోటల్లా ముడేసుకుంటా నేసినా. పైకి పోయినప్పుడు ఎండకు మెరస్తాది, నువ్వు చూస్తావు, అదే నా జవాబు అనుకొంటి. నువ్వు దాన్ని బ్లేడుతో కోస్తివి."

అని ఏడ్చింది. గట్టిగా ఏమీ కాదు, కొంగు అడ్డం పెట్టుకొని, అంగడి ముందు లారీలు పోతుంటే ఆ చప్పుడులో కలిసిపోయేటంత.  భార్య పోయినప్పుడు తప్ప సామేలుకు ఇలాంటి నొప్పి తెలియదు. ఏ జవాబు కోసం నెలల తరబడి కాచుకున్నాడో, ఆ జవాబు తన చేతికే వచ్చింది, తన చేతులతోనే కోసుకున్నాడు. కూర్చున్న కొమ్మను నరుక్కున్నవాడి కథ విని నవ్విన మనిషే ఆయన.

అప్పుడు చొక్కా జేబులోంచి కళ్లజోడు డబ్బా తీశాడు. కళ్లజోడు ముక్కు మీదే ఉంది. డబ్బా తెరిచి ఆమె ముందు పెట్టాడు. లోపల, లక్కరుతో కాస్త బిగుసుకున్న జరీ రిబ్బను చుట్ట చుట్టుకొని ఉంది. ఒక్క ముక్క పోలేదు.

"పారేసేకి చెయ్యి రాల్యా," అన్నాడు. "ఏంటికి రాల్యానో నాకే తెలీల్యా. నువ్వు నేసింది అని, అంతే."

యమున ఆ డబ్బా చేతిలోకి తీసుకుంది. కొంగుతో ముఖం తుడుచుకుంది. పోగులు ఎక్కడైనా తెగాయేమోనని చుట్ట విప్పి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వేళ్ల మధ్య లాగి చూసింది. కోత వంకర లేదు. ఫిట్టరు చెయ్యి కదా, తప్పు కూడా తిన్నగానే చేశాడు.

"అతికించు," అంది.

ఇక ఆ పూట ఆ పంక్చరు అంగడిలో జరిగిన పని చూడాల్సిందే. సామేలు ముందు పొట్ట పక్కన చిన్న సందు కోసి, లోపల దాచుకున్న తీగను బయటికి లాగాడు. తోక దాకా తీసుకుపోయి, తోక కొనకు చిన్న గుండుసూది గుచ్చి దానికి కట్టాడు. తీగ గాల్లో బట్టలారేసే దండెం మాదిరి వేలాడింది. అచ్చం కిరణ్ అని ఊరంతా చెప్పుకున్న గొప్ప అంతటితో పోయింది. పోతే పోనీ అనుకున్నాడు, నిజంగానే అనుకున్నాడు. తర్వాత లక్కరు డబ్బా తెరిచాడు. ఆయన పూస్తూ పోతే యమున వెనకే రిబ్బను పరిచింది. మగ్గం మీద అంచు సరిచేసే అలవాటుతో గోటితో ఒత్తుకుంటూ పోయింది. మధ్యలో ఆమె వేలూ ఆయన వేలూ లక్కరులో కలిసి అంటుకున్నాయి. ఇద్దరూ తొందరపడి లాక్కోలేదు. మారెప్ప పంపు ఆపి, టీ తెస్తానని చెప్పి పోయాడు. అతనికి ఆమాత్రం తెలివి ఉంది.

లక్కరు ఆరాక పరీక్ష. దీనికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు విమానం పట్టుకొని నిలబడాలి. ఇంకొకరు రేడియో పెట్టె ఏరియల్ లోపలికి తోసేసి, పెట్టె మీద విమానాన్ని నడిపే పుల్లలు కదిలిస్తూ దూరం నడవాలి. తోక తెడ్డు కదిలినప్పుడల్లా పట్టుకున్నవాళ్లు చెయ్యెత్తాలి. పోయినసారి మారెప్ప పట్టుకున్నాడు, చెయ్యి తొందరగానే దిగిపోయింది. ఈసారి యమున పట్టుకుంది. సామేలు వెనక్కి వెనక్కి నడిచాడు. పోయినసారి ఆగిన కంకరకుప్ప దాటాడు. యమున చెయ్యెత్తింది. రోడ్డు పనివాళ్ల నీళ్ల డ్రమ్ము దాటాడు. యమున చెయ్యెత్తింది. మైలురాయి దాకా పోయి, అక్కడి నుంచి కదిలించాడు. అంత దూరాన ఆమె ముఖం కనపడలేదు, చెయ్యి మాత్రం కనపడింది, లేచింది. ఆయన అక్కడే ఒక్క క్షణం నిలబడి, ప్రభువా అనుకున్నాడు.

ఎండ నెత్తికెక్కకముందే విమానాన్ని తారు మీద పెట్టారు. గాలి పెనుకొండ కోట వైపు నుంచి మెల్లగా వస్తోంది. సామేలు పుల్ల ముందుకు తోశాడు. ఫ్యాను మొదట గుయ్యిమంది, తర్వాత ఆ గుయ్యి సన్నగా కూత అయింది. విమానం దొర్లింది, తోక ఊగింది, కంకరకుప్ప దగ్గర చక్రాలు నేల వదిలాయి. మారెప్ప నోరు తెరుచుకొని అట్లే ఉండిపోయాడు. వారం రోజులుగా ఊరంతా చెప్పుకున్న మనిషి, అది నిజంగా లేస్తుందని తనే నమ్మలేదు మరి.

విమానం ఎక్కింది. రోడ్డు చివర మలుపు తిరిగింది. వాళ్ల నెత్తి మీదుగా ఒక పక్కకు ఒరిగి తిరిగి వచ్చింది. అప్పుడు సూర్యుడు దాని పొట్ట మీద పడ్డాడు. ముక్కు నుంచి తోక దాకా ఆ గీత ఒక్కసారి పసుపుపచ్చగా మెరిసింది. రెండో చుట్టులో మళ్లీ మెరిసింది.

యమున పైకి చూడలేదు, ఆయన ముఖమే చూసింది.

"కనపడినాదా?" అంది.

"కనపడినాది," అన్నాడు సామేలు. కళ్లల్లో నీళ్లు వస్తే విమానం కనపడదు కదా, అందుకని గట్టిగా రెప్పలు కొట్టుకున్నాడు. "సరేనా యమునా?"

"సరే అనే గదా ఆడ రాసుండాది. ఎన్నిసార్లు చదివిస్తావు నాతో."

ఇక్కడ ఆపేస్తే ఎంత బాగుండు. నాకూ అదే అనిపించింది. కానీ సరిగ్గా అప్పుడే అంగడి ముందు ఒక మోపెడ్డు ఆగింది. దిగిన మనిషి తెల్ల పంచె, భుజం మీద టవలు, చేతిలో ఒక చీరల ప్లాస్టిక్ కవరు. కవరు నోట్లోంచి మెరూన్ రంగు పట్టుచీర వేలాడుతోంది. దాని అంచు ఉండాల్సిన చోట పోగులు ఊడి పీలికలుగా ఉన్నాయి. ట్రంకుపెట్టెకు బీగం వేయలేదు యమున.

హనుమంతరాయుడు ధర్మవరం నుంచి అంత దూరం ఎండలో బండి మీద వచ్చాడు. దర్గాలో చెల్లెలు లేదు. ధర్మవరం నుంచి ఒకామె వచ్చిందా అని ఊళ్లో అడిగితే, విమానం సారుతో పోయినామెనా, మారెప్ప అంగడికి పోండని చెప్పారట. నెమ్మదిగా తారు మీదికి నడిచి వచ్చాడు.  సామేలుకు పుల్లల మీంచి చేతులు వదిలి దండం పెట్టడానికి లేదు, ఒక మాట చెప్పడానికి లేదు, తల తిప్పి చూడడానికైనా లేదు. పైన విమానం ఉంది.

"చీర ఎవురు పాడు చేసినారో చెప్పమ్మా," అన్నాడు హనుమంతరాయుడు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండు అనిపించేటంత మెల్లగా అన్నాడు.

అన్న ఎదురుపడితే నాలుగు అడుగులు పక్కకు జరిగే అలవాటు యమునది, చిన్నప్పటి నుంచీ. ఈ రోజు జరగలేదు. సామేలు మోచెయ్యి పక్కన ఎట్లా నిలబడి ఉందో అట్లాగే నిలబడి, నేనే అన్నా, అంది. పాడు చేయలేదు, అని కూడా అంది.

ఆయన ఇంకేదో అనబోయాడు. అప్పుడే విమానం మూడో చుట్టు తిరిగి వాళ్ల నెత్తి మీదికి వచ్చింది. కూత విని హనుమంతరాయుడు తలెత్తాడు. చెయ్యి కంటికి అడ్డం పెట్టుకున్నాడు. పొట్ట మీది గీత మెరిసింది. ఆయన తల, విమానం ఎటు పోతే అటు తిరిగింది. చేతిలోని కవరు జారి కింద పడింది, చూసుకోలేదు.

"నా జరీ అది," అన్నాడు.  "నా చెల్లెలి పెండ్లికి నేను నేసిన జరీ. ఇన్నేండ్లు పెట్టెలో నల్లబడిపోయుంటాది అనుకొంటి."

 పైన ఫ్యాను కూతలో సన్నటి వణుకు మొదలైంది. బ్యాటరీ అయిపోవస్తోందని దానర్థం, సామేలుకు ఒక్కడికే తెలుసు.

హనుమంతరాయుడు ఆయన వైపు తిరిగాడు. మొదటిసారి నేరుగా ఆయనతోనే మాట్లాడాడు.

"దించు సారూ దాన్ని. పెండ్లికిచ్చిన జరీ అది, నువ్వు ఎంత జాగ్రత్తగా పెట్టుకొనుండావో నా చేత్తో ముట్టుకొని చూడల్ల. ఆమీదట మాట్లాడదాం."

కూత తగ్గింది. యమున, అన్న చూస్తుండగానే, సామేలు మోచెయ్యి పట్టుకుంది. సామేలు పుల్ల వెనక్కి లాగి, ఇంతవరకూ ఒక్కసారి కూడా దించని ఆ విమానం ముక్కును రోడ్డు వైపు తిప్పాడు.